ఉంగరపు వేలే రెక్కయిన బల్లి

బవేరియా సున్నపురాతి పలకలో దొరికిన ఒక వింత అస్థిపంజరం గురించి 1784లో తొలి వ్యాసం వెలువడింది. రాసినవాడు కొలీని. ఒకప్పుడు వోల్టేర్ దగ్గర లేఖకుడు, అప్పటికి మాన్‌హైమ్ ప్రభువు ప్రకృతి వస్తు భాండారానికి అధికారి. పొడుగు మూతి, సూది పళ్లు, ముందుకాలికి నమ్మలేనంత పొడవైన ఒకే ఒక్క వేలు. పక్షి కాదు, గబ్బిలమూ కాదు. మరేమిటి? బహుశా సముద్రజీవి అన్నాడు. ఎముకల్లో ఈత ఆనవాళ్లేవో కనిపించి కాదు. మనిషి కంటబడని జంతువులుంటే అవి కడలి లోతుల్లోనే ఉండాలని ఆయన ఊహ.

ఆ వేలు రెక్కకు ఊతమని కనిపెట్టినవాడు స్ట్రాస్‌బర్గ్ ఆచార్యుడు హెర్మన్. 1800లో పారిస్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త కువియేకు ఉత్తరం రాస్తూ, వేలి కొస నుంచి ఒంటిదాకా చర్మం పరిచి బొమ్మ గీసి పంపాడు. జంతువు మాత్రం పాలిచ్చే జాతిదే అనుకున్నాడు. అసలు రాయిని చూడకుండానే కువియే 1801లో ఇది సరీసృపమని తేల్చాడు, 1809లో ‘టెరోడాక్టైల్’ అని పేరు పెట్టాడు. రెక్క వేలు అని దానర్థం. కీర్తి కువియేకు దక్కింది గానీ, సగం హెర్మన్‌కు చెందాలనే నేనంటాను.

మన లెక్కలో అది ఉంగరపు వేలు. బొటనవేలు, చూపుడు వేలు, నడిమి వేలు గోళ్లతో మామూలుగానే ఉండిపోయాయి, చిటికెన వేలు మాయమైంది, ఉంగరపు వేలొక్కటే చాచుకుని రెక్క అంచును మోసింది. గబ్బిలం రెక్కను నాలుగు వేళ్లు పరుస్తాయి. పక్షికి వేళ్లు కుదించుకుపోయి ఈకలు ఆ పని చేస్తాయి. ఇంత తేడా కళ్లముందున్నా 1812లో జోమ్మెరింగ్ దీన్ని గబ్బిలాల సరసన చేర్చాడు. 1830లో వాగ్లర్ ఆ చేతులు ఈత తెడ్లన్నాడు. 1834లో కౌప్ వీటికంటూ సొంత వర్గం ఏర్పరచాడు. టెరోసార్లు, అంటే రెక్కల బల్లులు.

1901లో ప్లీనింగర్ వీటిని రెండుగా విడదీశాడు: పొడవు తోక రాంఫోరింకస్ కుదురు, పొట్టి తోక టెరోడాక్టైల్ కుదురు. గోదావరి–ప్రాణహిత లోయలోని కోటా శిలల్లో దొరికిన ముక్కలను 1974లో జైన్ పొడవు తోకవాటిలోనే చేర్చారు. ఆధారం చాలదని తర్వాతివారిలో కొందరు ఒప్పుకోలేదు. రెండు కుదుళ్ల మధ్య వారధి మాత్రం చాలాకాలం ఎక్కడా కనబడలేదు. 2009లో చైనాలోని లియావోనింగ్ నుంచి డార్వినోప్టెరస్ బయటపడింది. తల, మెడ పొట్టి తోకవాటివి. తోక, అరచేయి పొడవు తోకవాటివి. తల ముందు మారింది, ఒళ్లు తర్వాత మారింది! పొడవు తోకవి వేరే వంశం కాదు, పొట్టి తోకవి వాటిలోంచే చిగురించాయి. రెక్కలు చాస్తే పది మీటర్లుండే టెక్సస్ క్వెట్జాల్‌కోట్లస్ ఆ చిగురుదే.

పిల్లల బొమ్మల పెట్టెలో డైనోసార్లతో కలిపి అమ్ముతారు గానీ టెరోసార్లు డైనోసార్లు కావు, వాటికి దాయాదులు. లాగర్పెటిడ్లనే చిన్న నేల జంతువులు వీటికి అతి దగ్గరి చుట్టాలని 2020లో తేలింది. పోలిక పట్టిచ్చింది లోపలి చెవి నిర్మాణం, పుర్రె, పళ్లు. ఆ చుట్టాలకు రెక్కల్లేవు. ఇటలీలో దొరికిన యూడైమార్ఫొడాన్ అతి పాత టెరోసార్లలో ఒకటి, వయసు దాదాపు 21 కోట్ల ఏళ్లు. దానికి రెక్క అప్పటికే పూర్తిగా ఉంది. సగం పెరిగిన ఉంగరపు వేలు మాత్రం ఏ రాయిలోనూ ఇంకా దొరకలేదు.