"మా వాడు ఏమీ తినడు" – ఈ మాట మన గూడేనికి ఎప్పుడొచ్చింది?



ఈ మధ్య ఏ ఊరికి వెళ్ళినా ఒక మాట వినిపిస్తోంది. "మా వాడు ఏమీ తినడు." "ముద్ద పెడితే మూతి తిప్పేసుకుంటాది." "ఫోన్ చేతిలో పెడితేనే నోరు తెరుస్తాడు." టౌన్లో ఉంటున్న మన ఉద్యోగస్తుల ఇళ్ళల్లోనే అనుకుంటే పొరపాటు, రోడ్డు సరిగా లేని కొండ మీది ఊళ్ళల్లో కూడా ఇదే. వెంటనే నింద తల్లి మీద పడుతుంది: పిల్లకి పెట్టడం చేతకాదని. సెలవులకి ఇంటికెళ్ళిన మనం కూడా నాలుగు అక్షరాలు చదువుకున్నాం కదా అని అక్కకో, వదినకో అదే మాట చెప్పి వస్తున్నాం.

మేము ఈ పోస్టులో చెప్పదలచుకున్నది ఒక్కటే. మన పిల్లలు తిండి దగ్గర పేచీ పెట్టడం వెనక ఒక చరిత్ర ఉంది. తిండి మన చేతుల్లోంచి, మన నేలలోంచి ఒక్కో మెట్టు దిగి బయటికి పోయిన చరిత్ర అది. అది తెలిస్తే తల్లుల్ని తిట్టడం మానేస్తాం. పిల్లల్ని బతిమాలడం, బెదిరించడం కూడా మానేస్తాం.

కుండ చుట్టూ కూర్చున్న పిల్లలు

మన అవ్వల్ని అడిగి చూడండి, "చిన్నప్పుడు మీకు అన్నం ఎవరు తినిపించేవారు?" అని. చాలామంది నవ్వుతారు. తినిపించడం ఏంటి! చంటితనం దాటాక పిల్లలు పెద్దవాళ్ళతో పాటు కుండ దగ్గరే కూర్చునేవాళ్ళు. అడ్డాకు డొప్పలో అంబలి పోస్తే తాగేవాళ్ళు, చాలకపోతే మళ్ళీ అడిగేవాళ్ళు. పెద్దవాళ్ళు పోడుకి వెళ్తే ఎండిన సొరబుర్రలో అంబలి వెంట వెళ్ళేది, పిల్లలూ వెంట వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం చెట్టు కింద అదే అంబలి, నంజుకోడానికి ఒక మిరపకాయో, కాల్చిన ఎండుచేపో.

మధ్యలో ఆకలేస్తే అడవి ఉంది. తునికి పళ్ళు, నేరేళ్ళు, మొర్రి పళ్ళు, ఈత పళ్ళు, కాల్చిన అడ్డాకు గింజలు, ఎండాకాలంలో వేయించిన ఇప్పపువ్వు. ఇవన్నీ పిల్లలు తమంతట తాము వెతుక్కుని, ఏరుకుని, పంచుకుని తిన్నవే. చెట్టెక్కి కోసుకున్న పండుని తినమని ఎవరూ బతిమాలక్కర్లేదు కదా.

పోడు చేను కూడా ఒక్క పంట చేను కాదు. సామలు, కొర్రలు, చోళ్ళు, జొన్న, కంది, చిక్కుడు, గుమ్మడి కలిపి వేసేవాళ్ళు. ఒకదాని తర్వాత ఒకటి చేతికొచ్చేవి. అందుకే నెల మారితే కుండలో రుచి మారేది.

ఇంకో సంగతి చూడండి. మనకి మామిడి కొత్త, చిక్కుడు కొత్త, కొర్రకొత్త, కందికొత్త అని పండగలున్నాయి. కొత్త పెట్టేదాకా ఆ పంట నోట్లో పెట్టకూడదు. కళ్ళ ముందు చెట్టుకి కాయ వేలాడుతున్నా ఆగాలి. ఊరంతా కలిసి దేవతకి పెట్టి, ఆ తర్వాత తినాలి. బయటివాళ్ళు దీన్ని మూఢనమ్మకం అన్నారు. కాయ ముదరకుండా కోసెయ్యకుండా కాపాడిన కట్టు అది. పిల్లల వైపు నుంచి చూస్తే ఇంకో గొప్ప పని కూడా చేసింది. ఎదురుచూడటం నేర్పింది. నెల రోజులు ఎదురుచూసిన చిక్కుడుకాయని ఏ పిల్లాడు వద్దంటాడు?

ఆకలి కూడా మన చరిత్రే

అలాగని పాతకాలమంతా బంగారం అని రాస్తే అబద్ధం రాసినట్టే. వానాకాలం గండం దాటడం చాలా కష్టంగా ఉండేది. పాత గింజ అయిపోయి, కొత్త గింజ రాని ఆ రోజుల్లో మామిడి టెంకల్లోని పప్పుని ఎండబెట్టి, నానబెట్టి, దంచి టెంక అంబలి కాచుకున్నారు. చేదు దుంపల్ని ముక్కలు కోసి పారే వాగులో రోజుల తరబడి ఉంచి, చేదు పోయాక ఉడకబెట్టి తిన్నారు. 1940ల మొదట్లో గోదావరి కొండల్లో కొండరెడ్ల మధ్య తిరిగిన హైమెండార్ఫ్ రాసిన పుస్తకం 1945లో అచ్చయింది. పోడు జొన్న మీద, జీలుగు మానులోంచి తీసిన పిండి మీద వాళ్ళ బతుకు ఎలా నడిచిందో అందులో కనబడుతుంది.

కాబట్టి "ఆ రోజుల్లో పిల్లలు పేచీ లేకుండా తినేవాళ్ళు" అని మనం చెప్పేటప్పుడు ఒక సగం కూడా చెప్పాలి: చాలాసార్లు పేచీ పెట్టడానికి కుండలో ఏమీ ఉండేది కాదు. మనకి తిరిగి కావాల్సింది ఆ ఆకలి కాదు. కలిసి కూర్చోవడం, రకరకాల తిండి, పిల్ల తన చేత్తో తాను తినడం, ఇవి కావాలి.

అడవికి కంచె వేస్తే కుండకి వేసినట్టే

1879లో రంప ఫితూరీ లేచింది. అప్పటి కారణాల్లో కల్లు మీద వేసిన పన్ను ఒకటి. అంటే మన చెట్టు, మన తాగుడు, మన తిండి మీద సర్కారు చెయ్యి పడింది. మూడేళ్ళకే 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవిని రిజర్వు చేయడం, పోడు మీద ఆంక్షలు పెట్టడం అప్పటినుంచీ బిగుసుకుంటూ వచ్చాయి. 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజుతో కలిసి మన్నెం వీరులు చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడ్డారంటే, దాని వెనక రోడ్డు పనుల్లో వెట్టి ఉంది, పోడు పోయిన కోపమూ ఉంది. నిజాం వైపు ఆదిలాబాద్ గోండుల కథా అంతే. రిజర్వు హద్దులు గీసి ఊళ్ళు లేపేశారు. 1940లో కొమరం భీం జోడేఘాట్‌లో ప్రాణమిచ్చాడు.

వీటిని మనం భూమి పోరాటాలుగా చదువుకున్నాం, సరే. కానీ ఒకసారి పిల్లల డొప్ప వైపు నుంచి కూడా చదవండి. పోడు తగ్గితే ముందు పోయేది కలగలుపు పంట. అది పోతే కుండలో రకాలు పోతాయి. అడవిలోకి వెళ్తే కేసు అంటే పిల్లలు ఏరుకునే పళ్ళు పోతాయి. రుచులు నేర్చుకునే బడి అక్కడే మూతపడింది.

డిపో బియ్యం, హాస్టల్ గంట

1956లో గిరిజన సహకార సంస్థ వచ్చింది. షావుకారి దోపిడీ నుంచి కాపాడటానికి మన అటవీ ఫలసాయం కొనడం, డిపోల ద్వారా సరుకులు అమ్మడం దాని పని. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. దీన్ని తక్కువ చేసి మాట్లాడకూడదు. వానాకాలపు ఆకలి చావుల్ని వెనక్కి నెట్టడంలో ఆ బియ్యానికి పెద్ద చెయ్యి ఉంది. మనలో చాలామంది ఆ బియ్యం తినే పెరిగాం.

కానీ కడుపు నిండినా కంచం తెల్లబడింది. తెల్లన్నం తినడం గౌరవం, చోడి అంబలి తాగడం పేదరికం అన్న లెక్క కూడా ఆ బియ్యంతోనే గుమ్మంలోకి వచ్చింది. సామలు దంచే రోలు మూలకి చేరింది.

తర్వాత ఆశ్రమ పాఠశాలలు, హాస్టళ్ళు. గంట కొడితే లైను, లైనులో కంచం, కంచంలో అన్నం, నీళ్ళ చారు. ఆకలేసినప్పుడు కాదు, గంట కొట్టినప్పుడు తినాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న తిండి చూసి తోటివాళ్ళు, ఒక్కోసారి పెద్దవాళ్ళు కూడా ఎగతాళి చేస్తే దాచుకుని తిన్నవాళ్ళు మనలోనే ఉన్నారు. ఆ సిగ్గు అక్కడితో ఆగలేదు. మనమే రేపు అమ్మలం, నాన్నలం, మేనమామలం అవుతాం. మనం ముఖం చిట్లించిన తిండిని మన పిల్లలు ఇష్టంగా ఎలా తింటారు?

మంచి మలుపులూ ఉన్నాయి. 1975 అక్టోబరు 2న ఐసీడీఎస్ మొదలై అంగన్‌వాడీలు వచ్చాయి. 2001 నవంబరులో సుప్రీంకోర్టు బడుల్లో వండిన భోజనం పెట్టాలని ఆదేశిస్తే, 2003 నుంచి మన దగ్గర మధ్యాహ్న భోజనం నడుస్తోంది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ బడుల్లో రాగి జావ పోయడం మొదలుపెట్టారు. ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం జరుపుకున్నదీ 2023లోనే. మన అవ్వ బుర్రలో పోసిచ్చిన చోడి అంబలే బెల్లం కలుపుకుని, పేరు మార్చుకుని గ్లాసులో తిరిగొచ్చింది. సంతోషమే. సిగ్గుపడాల్సిన తిండి కాదని సర్కారే ఒప్పుకున్నట్టు అయింది.

సంత నుంచి వచ్చిన ప్యాకెట్టు

ఈ కథలో చివరి మెట్టు ఐదు రూపాయల ప్యాకెట్టు. ఇదివరకు సంత రోజున నాన్న తెచ్చేది మరమరాలో, జీళ్ళో. వారానికి ఒక్కసారి. ఇప్పుడు ఊళ్ళో ప్రతి చిన్న కొట్టుకీ రంగురంగుల ప్యాకెట్ల దండలు వేలాడుతున్నాయి. ఏడిస్తే ప్యాకెట్, బడికెళ్తే ప్యాకెట్, అన్నం తింటే లంచంగా ప్యాకెట్. ఉప్పు, నూనె, తీపి నాలుక మీద అంత గట్టిగా పడ్డాక ఆకుకూర రుచి ఎలా తెలుస్తుంది? పది గంటలకి ప్యాకెట్ తిన్న పిల్లకి పన్నెండింటికి ఆకలి ఉండదు. మనం దాన్ని "తినదు" అంటున్నాం. నిజానికి అది అప్పటికే తినేసింది.

అమెరికాలో ఒక డాక్టరమ్మ చూసింది

పిల్లల్ని వాళ్ళ మానాన వదిలేస్తే సరిగా తింటారా అనే అనుమానం పెద్దవాళ్ళకి ఎప్పుడూ ఉంది. అమెరికాలో క్లారా డేవిస్ అనే పిల్లల డాక్టరు దీన్ని పరీక్షించి చూసింది. 1928లో తొలి ఫలితాలు అచ్చువేసింది. మొత్తం 15 మంది పసిపిల్లలు. ధాన్యం, కూరలు, పళ్ళు, మాంసం, గుడ్లు, పాలు లాంటివి విడివిడి గిన్నెల్లో ముందు పెట్టేవారు. నర్సులు తినమనకూడదు, వద్దనకూడదు. పిల్ల వేలు చూపిస్తేనే చెంచా నోటి దగ్గరికి. ఒక్కో పిల్ల ఒక్కోలా తిన్నది, ఒక రోజు ఇది, ఇంకో రోజు అది. అయినా పిల్లలంతా ఆరోగ్యంగా పెరిగారు.

అసలు కీలకం ఎక్కడుందో ఆమే చెప్పింది. పెట్టిన తిండి జాబితాలో ఉంది. అందులో పంచదార లేదు, కొట్లో దొరికే తయారీ సరుకు లేదు. అంటే ఏం పెట్టాలో పెద్దవాళ్ళు చూసుకోవాలి, ఎంత తినాలో పిల్ల చూసుకుంటుంది. కుండ చుట్టూ మన అవ్వలు నడిపించిన పద్ధతి దీనికి ఎంత దగ్గరో చూడండి.

ఇప్పుడు మనం చేయగలిగింది

ఇంట్లో అయితే, ఆరు నెలలు నిండిన బిడ్డకి తల్లిపాలతో పాటు మెత్తని తిండి మొదలుపెట్టించాలి. కాస్త పెద్దయ్యాక అందరితో కలిపి కూర్చోబెట్టి, అదే కూర, అదే అంబలి కొంచెం పెట్టాలి. కారం తగ్గిస్తే చాలు. చాలకపోతే అడగనివ్వాలి. చిందరవందర చేసినా తన చేత్తో తిననివ్వాలి. కొత్త కూరని ఒక్కసారి ఉమ్మేసిందని వదిలెయ్యకూడదు. పది, పదిహేనుసార్లు కనబడితే గానీ కొన్ని రుచులు అలవాటు కావు. అన్ని రోజులూ మాట్లాడకుండా కొంచెం పెడుతూ, మనమూ ఇష్టంగా తింటూ ఉండటమే. తిననందుకు తిట్టు వద్దు, తిన్నందుకు ప్యాకెట్టూ వద్దు. ఫోన్ పక్కన పెట్టెయ్యాలి, ముందు మనదే.

పెరట్లో చిక్కుడు పాదు, గుమ్మడి పాదు పిల్లల చేత పెట్టించండి. కొత్త పండగల్లో వాళ్ళని ముందు వరసలో కూర్చోబెట్టండి. అడవి దుంపలు, పుట్టగొడుగులు మాత్రం తెలిసిన పెద్దవాళ్ళు చూపించినవే తినాలి, ప్రయోగాలు వద్దు.

ఒక హెచ్చరిక. ప్రతి "తినడు" వెనకా చరిత్రే ఉంటుందనుకోవద్దు. బిడ్డ బరువు తగ్గుతున్నా, కాళ్ళు ఉబ్బినా, కళ్ళు పాలిపోయినా, మాటిమాటికీ జ్వరం, ఒళ్ళునొప్పులు వస్తున్నా అది జబ్బు కావచ్చు. రక్తహీనత, నులిపురుగులు, మన దగ్గర ఎక్కువగా ఉండే సికిల్ సెల్, ఏదైనా కావచ్చు. అంగన్‌వాడీలో తూకం వేయించి, ఆశా కార్యకర్తని తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాలి. ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఇచ్చే నులిపురుగుల మాత్ర మన ఊరి పిల్లలందరికీ అందేలా చూడటం యువజనులుగా మన పనే.

చివరిగా ఒక పని పెడుతున్నాం. ఈ సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మీ అవ్వ దగ్గర కూర్చుని, ఆమె చిన్నప్పుడు ఏ నెలలో ఏమేం తిన్నారో మన భాషలోనే పేర్లు రాసుకురండి. కువి అయితే కువిలో, కోయ అయితే కోయలో, సవర అయితే సవరలో. వండే పద్ధతి కూడా రాయండి. అందులో ఇప్పటికీ దొరికేవి ఎన్నో లెక్కపెట్టండి. పోడు పట్టా వచ్చిన భూమి ఉంటే ఒక మూల సామలో, చోళ్ళో వేయమని ఇంట్లో అడగండి. అందరం రాసినవి కలిపితే మన పిల్లల తిండి చరిత్ర మన చేతులతోనే తయారవుతుంది. ఆ జాబితా అంగన్‌వాడీ టీచరమ్మకి ఇద్దాం, బడిలో వంట చేసే అమ్మలకి ఇద్దాం.

జోహార్.