పొలుసుల వ్యాధి – తెలుగువాని మందు

వాడరేవు ఒడ్డున వలలకంటిన చేపపొలుసులను మనము చూచినవారమే. మనిషి చర్మముపై అట్టి పొలుసులు లేచినచో మాత్రము కుష్ఠమని జంకుదుము. ఐరోపాలోను చిరకాలమిట్లే పొరబడిరి. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా ఈ రెండును వేరని తేల్చెను. సోరియాసిస్ అంటువ్యాధి కాదు. దేహరక్షక కణములు ఇంటర్‌లూకిన్ 17, 23 అను రసాయన సందేశములను మితిమీరి పంపుటచే చర్మము వాచి, నెల పట్టవలసిన పెరుగుదల కొలది దినములలోనే ముగియును.

భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ తొలుత రక్తకాన్సరుకు మందు. కీళ్లవాతమునకు దానిని వాడి చూచుచుండగా సోరియాసిస్ పొలుసులును తగ్గినవని 1951లో గబ్నరు బృందము ప్రకటించెను. 1948లోనే గతించిన సుబ్బారావుగారు ఆ ఫలమును చూడలేదు. దాని సోదరౌషధము మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలోనున్నది.

తెలుగువాని శ్రమతో మందు దొరకిన వ్యాధిగ్రస్తులను మనమే వెలివేయుట తగునా?