అడవి నీలిపండు పెరట్లోకి ఎలా వచ్చింది

మొక్క నీరసించిందంటే మనవాళ్లు ముందు బుట్టెడు పశువుల ఎరువు తెచ్చి మొదట్లో వేస్తారు. బ్లూబెర్రీ పొదకు ఆ ఆదరణే ప్రాణం మీదికి తెస్తుంది. ఉత్తర అమెరికా ఆదివాసులు తరతరాలుగా అడవిలో ఏరి, ఎండబెట్టి, చలికాలానికి దాచుకున్న పండు ఇది. అయినా 20వ శతాబ్దం వచ్చేదాకా తోటపంటగా కుదురుకోలేదు.

ఆ చిక్కుముడి విప్పినవాడు అమెరికా వ్యవసాయ శాఖ వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రెడరిక్ కోవిల్. 1906లో ప్రయోగాలు మొదలుపెట్టి, 1910లో ఫలితాలు అచ్చువేశాడు. బాగా ఎరువు వేసిన నేలలో, సున్నం కలిపిన నేలలో మొక్కలు క్షీణించాయి. ఎవరూ పంట వేయని ఆమ్ల నేలలో, సగం కుళ్లిన మొక్కలతో ఏర్పడే పీట్ మట్టిలో ఏపుగా పెరిగాయి. ఈ పొద వేళ్లకు నూగు ఉండదు. వేళ్లను ఆశ్రయించి ఉండే శిలీంధ్రమే పోషకాలు అందుకోవడానికి సాయపడుతుంది.

1911లో ఆ పుస్తకం చదివిన ఎలిజబెత్ వైట్, న్యూజెర్సీలోని తమ క్రాన్‌బెర్రీ తోట అయిన వైట్స్‌బాగ్‌కు, కోవిల్‌ను ఆహ్వానించింది. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఆ తరువాత ఆమె చేసిన పని. చుట్టుపక్కల పైన్ అడవుల్లో పండ్లు ఏరి బతికేవాళ్లకు ఏ పొద ఎక్కడుందో, ఏది ఎంత పండు కాస్తుందో కంఠతా వచ్చు. వాళ్ల చేతికి సుమారు 16 మిల్లీమీటర్ల రంధ్రమున్న కొలబద్ద ఇచ్చింది. ఆ రంధ్రంలో పట్టనంత పండు కాసే పొదను చూపినవాళ్లకు డబ్బిచ్చి, పొదకు వాళ్ల పేరే పెట్టింది. రూబ్ లీక్ చూపిన పొద నుంచి వచ్చిన ‘రూబెల్’ను ఇప్పటికీ పెంచుతున్నారు. శాస్త్రం ఎంత ఉన్నా, ఆ అడవి మనుషుల కళ్లు లేకపోతే ఈ పంట లేదు. 1916లో తొలి పంట బజారుకెక్కింది.

చలి సంగతి కూడా కోవిలే తేల్చాడు. చలికాలమంతా వెచ్చని గాజుగదిలో ఉంచిన పొదలు వసంతంలో చిగుర్చలేదు. గాజుగదిలోని ఒక పొద కొమ్మను రంధ్రంలోంచి బయటికి పోనిస్తే, చలి తిన్న ఆ కొమ్మే ఆకులు వేసింది. 1920లో ఈ సంగతి ప్రచురించాడు. మన మైదానాల వేడిలో ఈ చలిప్రాంతపు రకాలు ఎందుకు కాయవో దీన్నిబట్టే అర్థమవుతుంది.

అయితే మిన్నెసోటా లాంటి చోట్ల గడ్డకట్టే చలికి ఎత్తయిన పొదల కొమ్మలు చచ్చిపోయేవి. అక్కడి విశ్వవిద్యాలయం వాటిని నేలబారు అడవి జాతితో సంకరం చేసి 1983లో ‘నార్త్‌బ్లూ’, ‘నార్త్‌స్కై’ విడుదల చేసింది. ‘నార్త్‌స్కై’ మోకాలెత్తు మించదు. మంచు పూర్తిగా కప్పేస్తుంది, ఆ కప్పే కొమ్మలను కాపాడుతుంది. చిన్న పెరళ్లకు ఇవే అనువు.

న్యూజెర్సీలోనో మిన్నెసోటాలోనో ఇల్లు కట్టుకున్న మన తెలుగువాళ్లు వేయాలనుకుంటే ముందు మట్టి పరీక్ష చేయించాలి. పీహెచ్ 4.5, 5.5 మధ్య ఉండాలి. ఎక్కువుంటే గంధకం ఏడాది ముందే కలపాలి, అది నెమ్మదిగా పనిచేస్తుంది. వేళ్లు పైపైనే పారతాయి కనుక మొదట్లో తవ్వకుండా రంపపు పొట్టో పైన్ ఆకులో పరచాలి. రెండు రకాలు పక్కపక్కన నాటితే పండ్లు పెద్దవవుతాయి. మొదటి రెండేళ్లు పూత తుంచేయాలి. పండు నీలమెక్కగానే కోయకండి, ఇంకొన్ని రోజులు కొమ్మనే ఉంచితే తీపెక్కుతుంది.