కోలారు గనులు: బయటివారి బొమ్మలు, కార్మికుల ఎరుక

కోలారు బంగారు గనులు (కె.జి.ఎఫ్.) కర్ణాటకలోని కోలారు జిల్లాలో, బెంగళూరుకు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ పని చేపట్టింది. 1956లో గనులు జాతీయమయ్యాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడేలోగా 800 టన్నులకు పైగా బంగారాన్ని ఇచ్చాయి. చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లకు మించిన లోతుకు దిగింది. ఈ ఊరి గురించి బయటివాళ్లు గీసిన బొమ్మలు చాలా ఉన్నాయి. ఆ బొమ్మలను గని కార్మికులు ఎలా గుర్తుపట్టారో, ఎప్పుడు ఎదురు నిలిచారో చెప్పడం ఈ వ్యాసం పని.

మినీ ఇంగ్లండ్

మొదటి బొమ్మ కంపెనీ కాలంలోనే తయారైంది. చల్లటి గాలి, బంగళాలు, క్లబ్బు, గోల్ఫ్ మైదానం చూసి ఈ ఊరిని ‘మినీ ఇంగ్లండ్’ అన్నారు. స్థానికులు కూడా ఈ పేరును గర్వంగా చెప్పుకుంటారు. బంగళాలకు అవతల, ‘లైన్లు’ అనే కార్మిక వాడల్లో, వెదురు తడికల గుడిసెలు వరసగా ఉండేవి. 1902లో శివనసముద్రం నుంచి 140కి పైగా కిలోమీటర్ల తీగ లాగి కరెంటు తెచ్చింది గని యంత్రాల కోసమే. గుడిసెల్లో ఉన్నవాళ్లలో ఎక్కువమంది ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వచ్చిన తమిళ దళితులు. 1911 దాకా చిత్తూరు కూడా ఆ జిల్లాలోదే కనుక తెలుగువాళ్లూ వారిలో ఉన్నారు. పై పనులకు కార్న్‌వాల్ ఆంగ్లేయులు, ఇటాలియన్లు, ఆంగ్లో ఇండియన్లు ఉండగా కాపలాకు పంజాబీలను పెట్టారు. అందమైన ఆ పేరులో తడికల గుడిసెలకు చోటు లేదు. పేరు పెట్టినవాడి కళ్లతోనే మన ఊరిని మనం చూసుకుంటున్నామని గ్రహించడానికి కె.జి.ఎఫ్. కన్నా స్పష్టమైన ఉదాహరణ దొరకడం కష్టం.

మారికుప్పం బౌద్ధులు

మద్రాసులో 1898లో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించిన పండిత అయోతిదాస్ బోధ త్వరలోనే గనులకు చేరింది. కె.జి.ఎఫ్.లోని మారికుప్పంలో ఆ సంఘం శాఖ ఏర్పడింది. అంటరానితనం పుట్టుకతో వచ్చింది కాదని, బౌద్ధులైన పూర్వీకులను ఓడించి వారి నెత్తిన రుద్దిన ముద్ర అని ఆయన చెప్పాడు. చరిత్రకారులు ఈ వాదనలోని వివరాలతో ఏకీభవించకపోవచ్చు. కానీ దాని బలం వేరే చోట ఉంది: ‘మేము తక్కువవాళ్లం’ అన్న ఆలోచన తమది కాదని, ఎవరో తమలో నాటిందని గని కూలీ మొదటిసారి విన్నాడు. అయోతిదాస్ 1907లో మొదలుపెట్టిన ‘తమిళన్’ వారపత్రిక ఆయన మరణానంతరం ఆగిపోయింది. 1926లో జి. అప్పాదురై దాన్ని ఈ గనుల ఊరి నుంచే మళ్లీ వెలువరించాడు. భూగర్భంలో రాయి పగలగొట్టే మనుషుల మధ్య నుంచి ఒక తాత్విక పత్రిక రావడం దక్షిణ భారత చరిత్రలో దక్కవలసిన స్థానం ఇంకా దక్కని సంగతి.

వేలిముద్రల సమ్మె

కంపెనీ దృష్టిలో ప్రతి కార్మికుడూ దొంగ కాగలవాడే. షిఫ్టు ముగించి పైకి వచ్చినవాళ్లను సోదా చేసేవారు. మైసూరు సంస్థానపు గనుల చట్టమూ బంగారం దొంగతనం మీదే గట్టిగా కన్నేసింది. 1930లో కార్మికుల నమోదుకు వేలిముద్రలు తీసుకోవాలన్నారు. అప్పటి జనానికి వేలిముద్ర అంటే జైలు, పోలీసు స్టేషను. వేలాదిమంది పని ఆపేశారు. ఆనాటి సమ్మె కూలి పెంపు కోసం పుట్టింది కాదు. ‘మమ్మల్ని నేరస్థుల లెక్కలో రాయడానికి ఒప్పుకోం’ అన్నదే దాని సారం. సిరా పూసిన వేలును కాగితం మీద పెడితే, ఎదుటివాడి అనుమానానికి తామే సాక్ష్యం ఇచ్చినట్టవుతుందని వాళ్లు అర్థం చేసుకున్నారు. మన మీద పడే బయటి ప్రభావం గురించిన ఎరుకకు ఇంతకంటే పెద్ద నిర్వచనం అక్కర్లేదు.

సినిమా

2018 డిసెంబరు 21న, 2022 ఏప్రిల్ 14న విడుదలైన ప్రశాంత్ నీల్ చిత్రాలు ‘కె.జి.ఎఫ్.’ను తెలుగు ఇళ్లన్నింటికీ చేర్చాయి. చిత్రీకరణలో కొంత సైనైడ్ దిబ్బల మీద జరిగింది. బంగారం తీయగా మిగిలిన రాతిపిండి గుట్టలవి. గాలి వీస్తే ఆ పొడి ఇళ్ల మీద పడుతుంది. ఆ చిత్రాల్లోని నరాచి గని కథ కల్పితం. అందులోని బానిసలు విడిపించేవాడి కోసం ఎదురుచూస్తారు. అసలు గనిలో జీతానికి పనిచేసిన మనుషులు సంఘాలు పెట్టుకున్నారు. 1946 నవంబరులో పోలీసు కాల్పుల్లో ఆరుగురు ప్రాణాలిచ్చారు. 2024లో వచ్చిన పా. రంజిత్ ‘తంగలాన్’ ఆ కార్మికుల పూర్వీకుల వైపు నుంచి కథ చెప్పింది. అదీ కల్పనే, కానీ చూపు మారింది.

‘కె.జి.ఎఫ్.’ కథానాయకుడు రాకీ పేరు తెలిసిన తెలుగు ప్రేక్షకులకు అప్పాదురై పేరు కూడా తెలియాలి. ఎందుకంటే ఆ గనుల కథ ఇంకా ముగియలేదు: గనులు మూతపడ్డాక అక్కడి కార్మికుల పిల్లలు వేల సంఖ్యలో తెల్లవారుజామున మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పనికి పోతున్నారు.