పాపయ్య భార్య ఏమంది?

విశ్వాసిగా పుట్టడం వేరు, విశ్వాసి కావడం వేరు. యూరపు తత్వవేత్తల్లో ఈ తేడా మీద గట్టిగా పట్టుబట్టినవాడు కీర్కెగార్డ్. 1846లో అచ్చయిన పుస్తకంలో ఆయన ఒక భర్తను ఊహిస్తాడు. తాను నిజంగా క్రైస్తవుడేనా అని అతనికి అనుమానం. డెన్మార్క్‌లో పుట్టి, ఆఫీసు పని సక్రమంగా చేసుకుంటున్నవాడు క్రైస్తవుడు కాక ఇంకేమవుతాడని భార్య కొట్టిపారేస్తుంది. రాజ్యమూ చర్చీ ఒకటైన చోట పుట్టుకే మతం. ఆ కాలంలోనే అక్కడ బాప్టిస్టుల పిల్లలకు బలవంతంగా బాప్తిస్మం ఇప్పించారు. శిష్యరికమంటే రోజూ మళ్లీ ఎంచుకోవడమన్నది కీర్కెగార్డ్ వాదన. కానీ ఆ మెలకువను భర్తకిచ్చి, రిజిస్టరు తర్కాన్ని మాత్రం భార్య నోట పెట్టాడు.

ఇదే ప్రశ్న మన రంగారెడ్డి నేలతో ముడిపడి మళ్లీ వినిపించింది. శంషాబాద్‌లో 1932లో మెనొనైట్ మిషనరీల ఇంట పుట్టిన పాల్ హీబర్ట్ మానవశాస్త్రజ్ఞుడయ్యాడు. 1978 నాటి వ్యాసంలో ఆయన పాపయ్య అనే రైతును ఊహించాడు. చదువురాని పాపయ్య సువార్తను ఒక్కసారి విని క్రైస్తవుడు కాగలడా? చుట్టూ గిరి గీసి లోపలివాళ్లను లెక్కపెడితే కాలేడు. గిరి సంగతి వదిలి, మనిషి ముఖం ఎటు తిరిగిందో చూస్తే కాగలడు. శిష్యరికం అక్కడ మొదలవుతుంది, ముగియదు.

నాకు నచ్చిన జవాబే ఇది. అయితే పాపయ్యకు ఇల్లు లేదా? కోపెన్‌హాగన్ భార్యకు తెలివితక్కువ మాటైనా దక్కింది, పాపయ్య భార్య ఊసే లేదు. నిజానికి మన పల్లెల్లో విశ్వాసులను తయారుచేసిన పని చాలామటుకు ఆడవాళ్లది. 1907లో ఇక్కడికి వచ్చి 1945లో చనిపోయేదాకా వైద్యం చేసిన కాథరీనా షెల్లెన్‌బర్గ్ వంటివాళ్ల పేర్లు చరిత్రకెక్కాయి. ఆసుపత్రి వార్డుల్లో, దళితవాడల్లో పాటలూ కథలూ అక్షరాలూ నేర్పిన బైబిల్ ఉమెన్ చాలామంది మిషన్ నివేదికల్లో అంకెలుగానే మిగిలారు.

పరిశోధన కోసం ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల తిరిగినప్పుడు ఉపవాస ప్రార్థనలకు వచ్చే దళిత స్త్రీలు నాకు రెండు పేర్లు చెప్పేవారు. మందిరంలో ఒకటి, రేషన్ కార్డులో మరొకటి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు కానీ క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు బీసీ-సి కింద ఒక్క శాతం కోటాలో సర్దుకోవాలి. 2024 నవంబరులో సుప్రీంకోర్టు పుదుచ్చేరికి చెందిన ఒక స్త్రీకి ఎస్సీ ధ్రువపత్రం నిరాకరించింది. ఆమె బాప్తిస్మమూ, చర్చికి వెళ్లే అలవాటూ ఆమెకు ఎదురు సాక్ష్యాలయ్యాయి.

కీర్కెగార్డ్ 1850 నాటికి లోలోపల దాచుకున్న విశ్వాసాన్ని కూడా శంకించాడు. శిష్యుడైనవాడు బయటపడి మూల్యం చెల్లించాలన్నాడు. డెన్మార్క్‌లో దాపరికం సుఖం. ఇక్కడ అది పిల్ల హాస్టల్ సీటు. ఊళ్లో అంటరానితనం బాప్తిస్మంతో పోదు, పోయేది రక్షణ మాత్రమే. అటువంటి స్త్రీని నిబద్ధత లేనిదని పాస్టరూ, మోసగత్తె అని చట్టమూ అనడం రెండూ గిరి గీసే చూపులే.

ఆమె ముఖం ఎటు తిరిగిందో ఆమెకు తెలుసు. ఆ మూల్యం ఎంతో, దాన్ని ఆమే ఎందుకు చెల్లించాలో తేల్చాల్సింది మాత్రం మనం.