రక్తనాళాల చిత్రణలో ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు

ఎమ్మారై స్కాన్‌లో రక్తనాళాలు స్పష్టంగా కనిపించడానికి నరంలోకి ఎక్కించే కాంట్రాస్ట్ మందుల్లో ఐరన్ ఆక్సైడ్ నానో కణాలు ఒక రకం. వాటిలో ఈ పనికి నేడు ఎక్కువగా వాడుతున్నది ఫెరుమాక్సిటాల్. నిజానికి అది రక్తహీనతకు మందుగా అమ్మకానికి వచ్చింది. ఈ కణాల చరిత్రంతా డొంకదారినే సాగింది.

మాగ్నటైట్ వంటి ఐరన్ ఆక్సైడ్ రేణువు కొన్ని నానోమీటర్లకు కుదించుకుపోతే దాని అయస్కాంత స్వభావం మారిపోతుంది. స్కానర్ క్షేత్రంలో ఉన్నంతసేపూ బలంగా స్పందిస్తుంది. క్షేత్రం లేనప్పుడు ఉష్ణ చలనమే దాని దిశను అటూ ఇటూ తిప్పేస్తుంది కనుక అయస్కాంతత్వం నిలవదు, ఆ ఆకర్షణతో రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుని గడ్డకట్టవు. సూపర్‌పారామాగ్నెటిజం అనే ఈ లక్షణానికి 1949లో ఫ్రెంచ్ భౌతికవేత్త లూయీ నీల్ సిద్ధాంతం సమకూర్చారు. ఈ కణాలు తమ చుట్టూ ఉన్న నీటి ప్రోటాన్ల టీ1, టీ2 సడలింపు కాలాలు రెండింటినీ తగ్గిస్తాయి. టీ1 తగ్గితే చిత్రంలో ఆ చోటు తెల్లబడుతుంది, టీ2 తగ్గితే నల్లబడుతుంది. పెద్ద కణాల్లో నలుపుదే పైచేయి. నాళాలు చూసే వైద్యుడికి కావలసింది తెలుపు.

అందుకే తొలి మందులు నాళాల జోలికి పోలేదు. 1996లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదించిన ఫెరుమాక్సైడ్స్, 2001లో ఐరోపాకు వచ్చిన రెసోవిస్ట్ రెండూ కాలేయం కోసమే. కాలేయంలోని కుప్ఫర్ కణాలు వీటిని మింగేయడంతో ఆరోగ్యంగా ఉన్న భాగం నల్లబడేది, ఆ కణాలు లేని కణితి తెల్లగా బయటపడేది. ఇంత త్వరగా రక్తం వదిలిపోయే మందుతో నాళాల పటం గీయడం కష్టం. ఈ చిక్కుకు మార్గం 1990లోనే దొరికింది. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్‌లో రాల్ఫ్ వైస్లెడర్ బృందం ఇంకా చిన్న కణాలను వేరుచేసి ఎలుకల్లో పరీక్షించింది. పాత కణాలకు రక్తంలో అర్ధాయువు 6 నిమిషాలైతే వీటికి 81 నిమిషాలు.

అయినా నాళాల మార్కెట్టు గాడోలినియం అనే లోహం ఉన్న కాంట్రాస్ట్ మందుల చేతికే చిక్కింది. 1990ల్లో మార్టిన్ ప్రిన్స్ వంటి రేడియాలజిస్టులు గాడోలినియంతో నాళాలను చిత్రించే ఎమ్మార్ యాంజియోగ్రఫీని నిత్య వాడుకలోకి తెచ్చారు. గాడోలినియం అణువులు చిన్నవి. నిమిషాల్లోనే నాళాల గోడలు దాటి కండరంలోకీ ఇతర కణజాలంలోకీ జారిపోతాయి. కాబట్టి మందు తొలిసారి ధమనుల్లోంచి సాగిపోయే ఆ కొద్ది సెకన్లలోనే చిత్రం తీసేయాలి. చాలామంది రోగులకు అది చాలింది. నాళాలను ఉద్దేశించి తయారైన క్లారిస్కాన్ అనే ఐరన్ మందు మనుషుల్లో పరీక్షల దాకా వెళ్లి ఆగిపోయింది. ఫెరుమాక్సైడ్స్ తయారీ కూడా 2008లో నిలిచింది. ఈ రెండో మందును గిరాకీ లేకపోవడమే ఎక్కువగా దెబ్బతీసిందనిపిస్తుంది.

పరిస్థితిని మార్చింది మూత్రపిండాల రోగులు. వీళ్లలో చర్మం, కీళ్లు బిగుసుకుపోయే నెఫ్రోజెనిక్ సిస్టమిక్ ఫైబ్రోసిస్ అనే జబ్బుకు గాడోలినియంతో సంబంధం ఉందని 2006లో వెల్లడైంది. మరుసటి ఏడాదే ఎఫ్‌డీఏ ఆ మందులపై తీవ్ర హెచ్చరిక పెట్టించింది. డయాలిసిస్ కోసం ఫిస్టులా వేయాలన్నా, కిడ్నీ మార్పిడి చేయాలన్నా నాళాల పటం ముందుగా కావాల్సింది వీళ్లకే. 2009లో ఫెరుమాక్సిటాల్‌కు అనుమతి దొరికింది కూడా సరిగ్గా వీళ్ల రక్తహీనతకే. దాన్ని 2003లోనే గుండె, నాళాల చిత్రణకు ప్రయోగించి చూసినవాళ్లలో గాడోలినియం యాంజియోగ్రఫీకి బాట వేసిన ప్రిన్స్ ఉండటం గమనార్హం.

ఫెరుమాక్సిటాల్ కణం పూతతో కలిపి సుమారు 30 నానోమీటర్లు. ఆ పరిమాణం వల్ల నాళం దాటి బయటికి పోదు. అర్ధాయువు 15 గంటల దాకా ఉంటుంది కనుక తొందరపడే పని లేదు. ఊపిరి బిగబట్టలేని పసిపిల్లల్లో పుట్టుకతో వచ్చిన గుండె లోపాలను నింపాదిగా చిత్రించవచ్చు. లాస్ ఏంజెలస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పాల్ ఫిన్ బృందం ఈ పద్ధతిని బాగా ముందుకు తీసుకెళ్లింది. ధమనులు, సిరలు కలిసి వెలగడం ఒక ఇబ్బంది, సిరలే చూడాలనుకుంటే మాత్రం అదే లాభం. చివరికి ఈ కణాలను కాలేయం, ప్లీహం, ఎముక మజ్జలోని మాక్రోఫేజ్‌లు తీసుకుంటాయి, అందులోని ఇనుము శరీరపు నిల్వల్లో కలిసిపోతుంది. ఆ తర్వాతి ఎమ్మారై చిత్రాలు 3 నెలల దాకా తేడాగా రావచ్చని మందు పత్రం హెచ్చరిస్తుంది. రక్తహీనత వైద్యుడికి అడ్డమైన ఆ అయస్కాంత గుణమే రేడియాలజిస్టుకు కావలసిన సరుకు.

ప్రమాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2009 అనుమతి తర్వాత 79 తీవ్ర అలర్జీ ఘటనలు నమోదయ్యాయనీ, వాటిలో 18 మంది మరణించారనీ 2015లో ఎఫ్‌డీఏ ప్రకటించింది. మందును గబగబా ఎక్కించకుండా పలుచన చేసి కనీసం 15 నిమిషాల పాటు ఇవ్వాలని ఆదేశించింది. 2019లో వెలువడిన బహుళ కేంద్రాల చిత్రణ నమోదులో మాత్రం 4,240 ఇంజెక్షన్లలో ఒక్క తీవ్ర దుష్ప్రభావమూ కనిపించలేదు. నాళాల చిత్రణకు దీన్ని వైద్యులు అనుమతి పత్రంలోని ప్రయోజనాలకు వెలుపల, తమ విచక్షణ మీద వాడుతూ వచ్చారు.

మరోపక్క కణాన్ని ఇంకా కుదించే ప్రయత్నాలు సాగుతున్నాయి. 2011లో సియోల్‌లో తేగ్వాన్ హ్యోన్ బృందం సుమారు 3 నానోమీటర్ల కణాలను భారీ మొత్తంలో తయారుచేసే పద్ధతి చూపింది. 2017లో ఎంఐటీలో మౌంగీ బావెండీ బృందం అంతే చిన్న గర్భం ఉన్న కణాలకు పలుచని పూత వేసి చుంచెలుకల్లో పరీక్షించింది. అవి నాళాలను తెల్లగా చూపాయి, పైగా మూత్రపిండాల గుండా బయటికి పోయాయి.