ఐదు కుండల నీళ్లు: ఫైర్ స్టేషన్‌లో ఓజేటీ చేస్తూ తెలుసుకున్న చరిత్ర



పోయిన ఎండాకాలం ఒకేషనల్ కోర్సులో భాగంగా నాకు ఏజెన్సీ అంచున ఉన్న ఒక ఫైర్ స్టేషన్‌లో ఓజేటీ పడింది. ఓజేటీ అంటే ఆన్ ది జాబ్ ట్రైనింగ్. క్లాసులో చదివిందాన్ని పని జరిగే చోటికి పోయి చేసి నేర్చుకోవడం. హాస్టల్లో మావోళ్లు నవ్వారు. "కుర్చీలు తుడిపించి, చివర్లో సంతకం పెట్టి పంపిస్తారు, పోయి రా" అన్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకుని పోయాను.

మొదటి వారం అంతా హోసు పైపు విప్పడం, చుట్టడం, ఆరబెట్టడం. రోజూ అదే పని. పరుగెత్తుకుంటూ విప్పాలి, మెలిక పడకుండా కప్లింగ్ బిగించాలి, మళ్లీ చుట్టాలి. నాలుగో రోజుకి విసుగొచ్చి లీడింగ్ ఫైర్‌మన్ సార్‌ని అడిగేశాను: "సార్, వచ్చేసింది కదా, ఇంకా ఎందుకు?" ఆయన కోప్పడలేదు. "ఇక్కడ చేసే ప్రతి డ్రిల్లు వెనకాల ఎవడో ఒకడు పోయుంటాడు బాబూ. వాడికి తెలియంది నీకు తెలియాలనే ఈ డ్రిల్లు" అన్నాడు. ఆ మాట పట్టుకుని నేను చదివింది, సార్ల దగ్గర విన్నది, మన గూడేలకు దీంతో ఉన్న సంబంధం ఇక్కడ రాస్తున్నాను. కాస్త పొడుగే, ఓపికగా చదవండి.

మంటలార్పడం ఒక పనిగా, నేర్పి చేయించాల్సిన విద్యగా ఎప్పటి నుంచి ఉంది? నిప్పు మనిషి చేతికొచ్చి లక్షల ఏళ్లయింది. ఆర్పే పనికి పద్ధతిగా శిక్షణ మొదలై మాత్రం రెండు వందల ఏళ్లే. బ్రిటన్‌లోని ఎడిన్‌బరో నగరంలో 1824లో మునిసిపాలిటీ తరఫున ఒక అగ్నిమాపక దళం పెట్టారు. దానికి అధిపతిగా జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే కుర్రాడిని తీసుకున్నారు. అప్పటికి అతని వయసు 24. పదవిలోకి వచ్చిన కొద్ది వారాలకే, నవంబరులో, ఊరి నడిబొడ్డు రోజుల తరబడి తగలబడింది. ఆ దెబ్బ నుంచి నేర్చుకుని అతను దళాన్ని మళ్లీ కట్టాడు.

అతను ఎవరిని చేర్చుకున్నాడో చూడండి. సిపాయిలను కాదు, పహిల్వాన్లను కాదు. ఇళ్ల పైకప్పులు వేసేవాళ్లు, వడ్రంగులు, తాపీ మేస్త్రీలు, కమ్మరులు, ప్లంబర్లు. పైకప్పు వేసేవాడికి ఎత్తులో నడవడం అలవాటు. వడ్రంగికి ఏ దూలం ఎప్పుడు కూలుతుందో తెలుసు. అంటే ముందే చేతిలో ఉన్న పనితనాన్ని అగ్నిమాపక పనికి వాడుకున్నాడు. 17 నుంచి 25 ఏళ్ల వయసు వాళ్లయితే బాగా నేర్చుకుంటారని 1830లో అచ్చయిన తన పుస్తకంలో రాశాడు. అది మన వయసే. తెల్లవారుజామున, వీధుల్లో జనం లేనప్పుడు డ్రిల్లు చేయించేవాడు. చీకట్లో పైపు బిగించడం వస్తే పొగలో బిగించడమూ వస్తుంది. అతను గట్టిగా చెప్పిన సూత్రం ఒకటుంది: బయట నిలబడి మంట మీద నీళ్లు చల్లితే లాభం లేదు, లోపలికి పోయి మంట పుట్టిన చోట కొట్టాలి. 1833లో లండన్ దళానికి అధిపతిగా వెళ్లాడు. 1861 జూన్ 22న లండన్‌లోని టూలీ స్ట్రీట్ గోదాముల మంటల దగ్గర గోడ విరిగి మీద పడి చనిపోయాడు. ఊరికి ఈ పని నేర్పిన గురువు ఆ పనిలోనే పోయాడు.

మన దేశానికి వద్దాం. మన వైపు మద్రాసులో 1908లో అగ్నిమాపక దళం మొదలైంది. అయితే దేశం మొత్తాన్ని కుదిపిన రోజు 1944 ఏప్రిల్ 14. రెండో ప్రపంచ యుద్ధం జరుగుతోంది. బొంబాయి విక్టోరియా డాక్‌లో ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ ఆగి ఉంది. దానిలో సుమారు 1,400 టన్నుల పేలుడు సామగ్రి, దాంతో పాటే కరాచీలో ఎక్కించిన పత్తి బేళ్లు. పత్తినీ మందుగుండునీ ఒకే ఓడలో పెట్టడమే తప్పు. మధ్యాహ్నం పొగ కనపడింది. ఫైర్‌మెన్ వచ్చి వందల టన్నుల నీళ్లు కొట్టారు. పొగ దట్టంగా ఉండి మంట అసలు ఎక్కడ పుట్టిందో దొరకలేదు. బ్రెయిడ్‌వుడ్ సూత్రం తెలిసిన వాళ్లే, కానీ ఆ చోటికి చేరలేకపోయారు. నాలుగు దాటాక ఓడ పేలింది. సుమారు అరగంటకు ఇంకో పేలుడు. వందల మంది చనిపోయారు. వాళ్లలో 66 మంది ఫైర్‌మెన్.

వాళ్ల జ్ఞాపకంగానే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. స్వాతంత్ర్యం వచ్చాక 1956లో రాంపూర్‌లో జాతీయ అగ్నిమాపక కళాశాల పెట్టి, మరుసటి ఏడాది నాగపూర్‌కి మార్చారు. మన దగ్గర కూడా పాఠం నేర్పిన ప్రమాదం ఉంది. 1997 సెప్టెంబరు 14న విశాఖ హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో గ్యాస్ లీకై మంటలు లేచి సుమారు 60 మంది పోయారు. గ్యాస్ లీకైన చోట స్విచ్ వేయొద్దు, బండి స్టార్ట్ చేయొద్దు అని మా సార్లు పదిసార్లు చెప్పేవాళ్లు. వంటగది సిలిండర్‌కీ అదే సూత్రం. ఇలా ఒక్కో జాగ్రత్త వెనక లీడింగ్ ఫైర్‌మన్ సార్ చెప్పిన ఆ "ఎవడో ఒకడు" ఉన్నాడు.

నేను స్టేషన్‌లో ఉండగానే ఆ వారోత్సవాలు వచ్చాయి. 14న అమరులైన ఫైర్‌మెన్ కోసం మౌనం పాటించాం. అదే రోజు అంబేడ్కర్ జయంతి. 20న ముగింపు. ఆ తేదీ మన గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు, అది ఇంద్రవెల్లి రోజు. 1981లో భూమి కోసం గుమిగూడిన గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపిన రోజు. ఆ సాయంత్రం హోసులు ఆరబెడుతూ నాకు ఒక ప్రశ్న వచ్చింది. నిప్పుతో మన వాళ్ల చరిత్ర ఏంటి? ఈ పుస్తకాల్లో మనం ఎక్కడున్నాం?

ఉన్నాం. కానీ ఫైర్‌మెన్‌గా కాదు, నేరస్తులుగా. 1882 మద్రాసు అటవీ చట్టం రిజర్వు అడవిలో నిప్పు పెట్టడాన్ని నేరం చేసింది. మన తాతలకు పోడు బతుకు, నిప్పు అందులో భాగం. ఆ అటవీ చట్టాల మీద కోపమే 1922లో అల్లూరి నాయకత్వంలో మన్యం పోరాటానికి ఒక ముఖ్య కారణం. ఇటు ఆదిలాబాద్ వైపు, కొమురం భీం కాలంలో, అటవీ సిబ్బంది గోండు గూడేలను ఖాళీ చేయించడానికి ఇళ్లు తగలబెట్టారు. ఆదివాసీ నిప్పు పెడితే కేసు, ఆదివాసీ ఇంటికి నిప్పు పెడితే ప్రభుత్వ పని.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఆలోచనలో పడేసింది. దేశంలో చాలా ప్రాంతాలకు వర్తించిన 1927 అటవీ చట్టంలో 79వ సెక్షన్ అని ఒకటి ఉంది. రిజర్వు అడవిలో మేతకో కట్టెలకో హక్కు ఉన్న ప్రతి మనిషీ అడవి తగలబడుతుంటే కబురు చెప్పాలి, తనే పోయి ఆర్పాలి. పోకపోతే నెల దాకా జైలు, లేదా 200 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అంటే అడవి మనుషులను చట్టమే ఫైర్‌మెన్‌ని చేసింది. జీతం లేదు, బూట్లు లేవు, హెల్మెట్ లేదు, శిక్షణ లేదు. బాధ్యత మాత్రం జైలుతో సహా ఉంది. నాగపూర్ కాలేజీ పుట్టడానికి 29 ఏళ్ల ముందే మనకు డ్యూటీ వేశారు.

మరి శిక్షణ లేకుండా ఎలా ఆర్పారు? మన వాళ్లకు వచ్చు కాబట్టి. పోడు కాల్చే ముందు చుట్టూ ఆకూ అలమూ ఊడ్చి గీత తీస్తారు. గాలి ఎటు వీస్తుందో చూసి ఎటు నుంచి అంటించాలో పెద్దలు చెబుతారు. గీత దాటిన నిప్పును పచ్చి కొమ్మలతో బాది చంపుతారు. స్టేషన్‌లో అడవి మంటల గురించి చెప్పినప్పుడు సార్ "ఫైర్ లైన్" అని బోర్డు మీద గీశాడు. "మా తాత దీన్నే గీత అంటాడు సార్" అన్నాను. ఆయన నవ్వి, మిగతాది నన్నే చెప్పమన్నాడు. ఓజేటీ మొత్తంలో నేను క్లాసు చెప్పిన పది నిమిషాలు అవే. బ్రెయిడ్‌వుడ్ పైకప్పు వేసేవాడి నడకను వాడుకున్నట్టు, మన తాతల గీతను ఎవరైనా పిలిచి వాడుకుని ఉంటే ఎలా ఉండేదో అని అప్పుడే అనిపించింది.

ఇప్పుడు నేను ఈ కోర్సు ఎందుకు తీసుకున్నానో చెప్పాలి. నేను ఆరో క్లాసులో ఉండగా మా అవ్వ ఇల్లు కాలిపోయింది. తాటాకు ఇల్లు. ఫోన్ సిగ్నల్ కోసం మా చిన్నాన్న గుట్టెక్కాడు. బండి బయల్దేరింది గానీ వాగు దగ్గర ఆగిపోయింది. వాళ్లు నడిచి వచ్చేసరికి బూడిద మిగిలింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అటక మీద అవ్వ దాచిన సామ, కొర్ర, చిక్కుడు విత్తనాలు పోయాయి. ఇంటికి సాయం వస్తుంది, ఆ విత్తనాలు ఎవరు ఇస్తారు? చాలా ఏళ్లు నాకు ఆ బండి వాళ్ల మీద కోపం ఉండేది.

స్టేషన్‌లో లెక్క నేర్చుకున్నాక ఆ కోపం మారింది. మేం వాడిన బండి ట్యాంకులో 4,500 లీటర్లు. ఒక పైపు నిమిషానికి 450 లీటర్లు కొడితే పది నిమిషాల్లో ఖాళీ. ఆ తర్వాత వాగు నుంచో బావి నుంచో తోడుకోవాలి. అక్కడ ఇంకో చిక్కు. పంపు నీటిని పీకదు. గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలి బరువు నీటిని పైకి నెడుతుంది. ఎంత మంచి పంపైనా పని జరిగేటప్పుడు సుమారు 7 మీటర్ల లోతు దాకానే. ఏప్రిల్‌లో మన బావుల్లో నీళ్లు అంతకంటే కిందికి పోతాయి. తాటాకు ఇల్లు పది నిమిషాలు కూడా ఆగదు. అంటే బండి వాగు దాటినా అవ్వ ఇల్లు దక్కేది కాదు. వంతెన అడగాలి, అవుట్‌పోస్టు అడగాలి, అది మన హక్కు, వదలకూడదు. కానీ మొదటి పది నిమిషాలు ఎప్పుడూ గూడెం వాళ్లవే.

ఈ పది నిమిషాల గురించి చాలా పాత పుస్తకం ఒకటి రాసింది. సుమారు రెండు వేల ఏళ్ల నాటి కౌటిల్యుడి అర్థశాస్త్రం. నగరంలో ప్రతి ఇంటి దగ్గర ఐదు కుండల నీళ్లు, ఒక తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, పైకప్పు గడ్డి లాగేసే పనిముట్టు, తోలుతిత్తి ఉండాలంది. లేకపోతే పావు పణం జరిమానా. మంట చూసి పరుగెత్తుకు రాని ఇంటి యజమానికి 12 పణాలు, అద్దెకున్నవాడికి 6. అది రాజుల నగరం కోసం రాసింది, మన కోసం కాదు. ఆ పుస్తకాన్ని నేను నెత్తిన పెట్టుకోను. కానీ ఆ జాబితా చదివినప్పుడు మా గూడెం కళ్లముందు కనపడింది. నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం ఉన్న గెడకర్ర ప్రతి ఇంట్లో ఉన్నాయి. లేనిది నిండు కుండలే. ఎండాకాలం నీళ్లు మోయడం కష్టం కదా.

సెలవులకు ఇంటికి వెళ్లి నలుగురు తమ్ముళ్లను కూడగట్టాను. మూడు పనులు చేశాం. గడ్డివాములను ఇళ్ల నుంచి దూరం జరిపించాం, వాటి చుట్టూ గీత తీశాం. రెండు ఇళ్లకు కలిపి ఐదు కుండలు నిండుగా ఉంచాలని పెద్దలతో చెప్పించాం. మేం చెబితే వినరు, పెద్దలు చెబితే వింటారు. మూడోది, ఏ బావిలో నీళ్లు 7 మీటర్ల లోపు ఉన్నాయో తాడు వేసి కొలిచి, వాగు ఎక్కడ దాటొచ్చో గీసి ఆ కాగితం స్టేషన్‌లో ఇచ్చాను. లీడింగ్ ఫైర్‌మన్ సార్ దాన్ని మడిచి బండి క్యాబిన్‌లో పెట్టుకున్నాడు. మా గూడేనికి దారి ఆ బండిలో ఉండటం అదే మొదటిసారి.

మా అవ్వ మాత్రం కుండల సంగతి విని, "మా అత్త కాలంలో ఇలాగే పెట్టేవాళ్లం, బోరింగు వచ్చాక మానేశాం" అంది. నేను కొత్తగా నేర్పుతున్నాననుకున్నా. ఆమె గుర్తు చేసుకుంటోంది.

ఈ ఏడు ఓజేటీకి వెళ్లే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎక్కడ పడినా, ఆస్పత్రైనా, కరెంటాఫీసైనా, సంతకం కోసం పోకండి. ఆ పని ఎవరి చావుల మీద, ఎవరి చెమట మీద నేర్చుకున్నారో అడగండి. మీ తాతకు తెలిసిందేదో అక్కడ వేరే పేరుతో ఉంటుంది, చెప్పండి. ఇంటికొచ్చేటప్పుడు గూడేనికి ఒక్క పనైనా తీసుకురండి. మీ గూడెంలో మంటలప్పుడు పెద్దలు ఏం చేసేవాళ్లో కనుక్కుని ఇక్కడ రాయండి. మన వైపు నుంచి ఈ చరిత్ర ఇంకా ఎవరూ కూర్చలేదు.

జోహార్.